సాంబ్రాణి పొగలో తీసిన లెక్క

చంద్రపూర్,
బుధవారం, పొద్దున

అక్కకు తమ్ముడు సదానందం దండం పెట్టి రాసేది.

ఇక్కడ నేను కులాసా. నువ్వూ, బావా, హాస్టళ్లలో ఉన్న మీ పిల్లలిద్దరూ, మన శ్రావణీ అంతా బాగున్నారని తలుస్తాను. బావకు నడుంనొప్పి తగ్గిందా? పొలానికి వెళ్లేంత తగ్గకపోయినా పేకాటకు కూర్చునేంత తగ్గే ఉంటుంది. ఆయనను అడిగానని చెప్పు, ఈ మాట మాత్రం చదివి వినిపించకు.

నీ ఉత్తరాలు రెండూ అందాయి. జవాబు రాయలేదని కోపంగా ఉండి ఉంటావు, ఆ కోపం న్యాయమే. రాయడానికి కూర్చుంటే 'కులాసా' అనే మాట దాకా చెయ్యి దానంతట అదే వెళ్లేది, అక్కడ ఆగిపోయేది. ఇన్లాండ్ కవర్లు పాడు చేయడమే తప్ప పోస్టులో వేసింది లేదు. ఈసారి తెల్ల కాగితాలు తెచ్చుకున్నాను. ఈ ఊరి పక్కనే దేశానికంతా సరిపడా కరెంటు తయారవుతుంది, మా గ్యారేజీ ఉన్న సందులో మాత్రం పొద్దున లేస్తే కరెంటు కోత. దీపం కింద చీకటి అంటే ఇదే. కరెంటు లేదు కాబట్టి పని లేదు, పని లేదు కాబట్టి రాస్తున్నాను.

నువ్వు అడిగింది ఒకటే. నా బిడ్డ శ్రావణిని ఇక మీ దగ్గరే ఉంచుకుని, మీ పిల్లగానే అక్కడి బడిలో వేయించాలా అని. మొన్న ఫోన్‌లో నేను సరే అన్నాను. ఈ ఉత్తరం దాని గురించే. కానీ ముందు ఇక్కడి సంగతులు చెప్పనివ్వు. అవి తెలియకుండా చివరి మాట చదివితే తమ్ముడికి మతి చలించిందని అనుకుంటావు.

ఎండల సంగతి చెప్పనక్కర్లేదు. మన లక్సెట్టిపేటలో ఎండ ఎండగా ఉంటుంది, ఇక్కడ ఎండతో పాటు బొగ్గు దుమ్ము కూడా ఉంటుంది. తెల్ల బనీను వేసుకుని బయటికి వెళితే సాయంత్రానికి అది ఏ రంగుదో చెప్పడం కష్టం. పొద్దున అటుకులతో పోహా చేసి పైన తర్రీ అనే ఎర్రటి కారం పులుసు పోసి ఇస్తారు, అది తింటాను. మధ్యాహ్నం, రాత్రి ఒక మరాఠీ ఆవిడ ఖానావళిలో భోజనం. జొన్నరొట్టె, శనగపిండితో చేసిన ఝుణకా, అన్నం, పప్పు. ఆవిడ పప్పులో బెల్లం వేస్తుంది. మొదట్లో మనవైపు నుంచి వచ్చినవాళ్లందరికీ నవ్వు వచ్చేదట, నాకు నవ్వూ రాలేదు, తిట్టుకోవాలనీ అనిపించలేదు. పెట్టింది తిన్నాను. కారం ఎక్కువైందా, ఉప్పు తక్కువైందా అని ఆవిడ అడిగితే నాకు తెలిసేది కాదు. నా తిండి గురించి రంది పెట్టుకోకు, వేళకు తింటున్నాను.

నీకు దాచేది ఏముంది. నీ మరదలు లత పోయినప్పుడు నాకు ఏడుపు రాలేదు. పచ్చకామెర్లకు ఆకు పసరు పోయించి, తర్వాత ఆస్పత్రికి తిప్పి, చివరికి వానలో ఇంటికి తెచ్చుకున్నాం కదా, ఆ రోజూ రాలేదు, దినాల నాడూ రాలేదు. 'గుండె రాయి జేసుకున్నడు' అని మనవాళ్లు అన్నారు. రాయి చేసుకోవడానికి నేనేమీ చేయలేదు అక్కా, దానంతట అదే అయింది. బిడ్డను నీ దగ్గర వదిలి ఈ ఊరికి వచ్చినా అది మారలేదు. పని చేస్తాను, నిద్రపోతాను, పొద్దున లేస్తాను. గ్యారేజీలో గ్యాసు లీకైతే నాకంటే ముందు పక్కనున్న టైర్ల కొట్టువాళ్లు వాసన పట్టి అరిచేవారు. ఒకసారి అలా అయ్యాక సేటు నన్ను పక్కకు పిలిచి, 'ముక్కు పంజేస్తలేదా ఏంది నీకు?' అన్నాడు. జలుబు చేసిందని చెప్పాను.

సేటు అంటే గ్యారేజీ యజమాని. మనవాళ్లే, తాత కాలంలో ఆసిఫాబాద్ వైపు నుంచి వచ్చి ఇక్కడ బల్లార్షా రోడ్డులో స్థిరపడ్డారు. తెలుగు మాట్లాడతాడు కానీ చదవలేడు, సైన్‌బోర్డు మీద తెలుగు అక్షరాలు రాయించి తప్పుందో లేదో నన్ను అడుగుతాడు. వాళ్ల అమ్మను అందరం పెద్దమ్మ అంటాం. గ్యారేజీ వెనకే ఇల్లు. కార్లకు గ్యాసు కిట్లు పెట్టుకోవచ్చని సర్కారు ఒప్పుకున్నాక ఈ ఊళ్లో ఉన్న వ్యాన్లన్నీ మా దగ్గరికే వస్తున్నాయి. సిమెంటు ఫ్యాక్టరీల వాళ్లను గడ్‌చాందూర్ తిప్పే వ్యాన్లు, బడి పిల్లల వ్యాన్లు, అన్నీ పెట్రోలు మాని గ్యాసుకు మారుతున్నాయి. నా పని ఆ గ్యాసు ఎంత పోవాలో సరిచేయడం.

దీనికి సేటు నాగపూర్ నుంచి ఒక మీటరు తెప్పించాడు. పాలిటెక్నిక్‌లో నేను చదివినప్పుడు ఇలాంటిది పుస్తకంలో కూడా లేదు. దాన్ని వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సర్ అంటారు. చూడ్డానికి స్పార్క్ ప్లగ్గంత ఉంటుంది, బండి పొగగొట్టానికి బిగిస్తాం, దాని వైరు చేతిలో పట్టుకునే మీటరుకు వస్తుంది. ఇంజను వదిలిన పొగలో ఇంకా ప్రాణవాయువు ఎంత మిగిలిందో అది అంకె చూపిస్తుంది. ఎక్కువ మిగిలితే గ్యాసు చాలలేదని అర్థం, తక్కువ మిగిలితే గ్యాసు ఎక్కువైందని అర్థం. పాతరకం సెన్సర్లు ఎక్కువా తక్కువా అని మాత్రమే చెప్పేవి, ఇది ఎంతో కూడా చెబుతుంది. అంకె చూసుకుంటూ స్క్రూ తిప్పితే అయిపోతుంది. బావ ఉప్పు చూసి పప్పు బాగుందో లేదో చెప్పినట్టే అనుకో, కాకపోతే ఇది అబద్ధమాడదు.

అలా అని మేం అనుకున్నాం.

ఆ మీటరుకు ఒక పద్ధతి ఉంది. రోజూ పని మొదలుపెట్టే ముందు సెన్సర్‌ను బండికి దూరంగా ఉత్త గాలిలో వేలాడదీయాలి. లోపల అది వేడెక్కి కుదురుకున్నాక ఒక బటన్ నొక్కాలి. అంటే 'ఇదే గాలి, దీన్ని గుర్తు పెట్టుకో, మిగతావన్నీ దీంతో పోల్చి చెప్పు' అని దానికి చెప్పడం. గాలిలో ప్రాణవాయువు వందలో ఇరవై ఒకటికి కొంచెం తక్కువ. అడవిలోనైనా, ఈ బొగ్గు దుమ్ము ఊళ్లోనైనా అంతే. దాన్ని సరిగ్గా చూపించకపోతే ఆ రోజు మీటరు చూపేదంతా తప్పే.

మీటరు వచ్చిన రోజున పెద్దమ్మ దానికి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, నిమ్మకాయ దిగదుడిచింది. అద్దం మీద పసుపు వద్దని నేను అడ్డం పడితే పక్కన రాసింది. సెన్సర్‌ను ఎక్కడ వేలాడదీయాలని నేను చుట్టూ చూస్తుంటే ఆమే చోటు చూపించింది.

"కొత్త సామాను కొడుకా, దిష్టి తగుల్తది. దేవుని పటం కింద మొల ఉన్నది గదా, గాడ తగిలియ్యి."

"అమ్మ చెప్పినట్టే చెయ్యి సదానందం. గది కింద పడ్డదంటే నా పానం పోతది," అన్నాడు సేటు.

ప్లగ్ పాయింటు కూడా ఆ పటం దగ్గరే ఉంది కాబట్టి నాకూ సౌకర్యంగానే అనిపించింది. అప్పటి నుంచి రోజూ పొద్దున నేను సెన్సర్‌ను పటం కింద మేకుకు తగిలించి, వేడెక్కాక బటన్ నొక్కేవాణ్ణి. పెద్దమ్మ కూడా రోజూ అదే వేళకు వచ్చేది. మట్టి మూకుడులో నిప్పులు, నిప్పుల మీద సాంబ్రాణి. పటానికి, గల్లాపెట్టెకు, పానాల డబ్బాకు పొగ చూపించి, ఆ మూకుడును పటం కిందే పెట్టి వెళ్లేది. మీటరు అన్నిటికన్నా ఖరీదైనది కాబట్టి దానికి అన్నిటికన్నా ఎక్కువ పొగ. నేను పక్కనే నిలబడి ఉండేవాణ్ణి. కళ్లకు పొగ కనిపించేది, నాకు మాత్రం దాని ధ్యాస ఉండేది కాదు. ఇంట్లో గోడ ఉన్నట్టు అది ఉండేది.

కొన్నాళ్లకు రాజన్న వచ్చి గొడవ పెట్టుకున్నాడు. రాజన్నది లక్కడ్‌కోట్, గడ్‌చాందూర్ ఫ్యాక్టరీకి వ్యాను తోలుతాడు. మంచివాడే కానీ నోరు పెద్దది.

"ఏం సెట్టింగ్ జేసినవ్ సదన్నా? గ్యాసు నీళ్ల లెక్క తాగుతుంది బండి. టంకీ నింపుకొని రాజురా దాటంగనే ముల్లు కింద వడుతుంది."

నేను సెన్సర్ బిగించి చూశాను. అంకె పొగలో ప్రాణవాయువు ఎక్కువే మిగిలిందని చూపించింది, అంటే గ్యాసు ఇంకా చాలలేదని. మీటరును నమ్మి స్క్రూ మరికొంచెం తెరిచాను. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు, వారం తిరక్కుండా రాజన్న ఈసారి ఇంకా పెద్ద నోరుతో వచ్చాడు. పొగగొట్టం అతుకుల దగ్గర సందు ఉంటే బయటి గాలి లోపలికి పోయి లెక్క తప్పుతుందని తడిగుడ్డ చుట్టి చూశాను. సందు లేదు. సేటు మాత్రం రాజన్నే గ్యాసు అమ్ముకుంటున్నాడేమోనని నా చెవిలో అన్నాడు. నాకు ఇద్దరి మీదా కోపం రాలేదు. మరోసారి చూద్దాం, వచ్చేవారం రా అన్నాను.

ఆ వారంలోనే, ఆదివారం నాడు, నేను ఎస్‌టీడీ బూత్ నుంచి నీకు ఫోన్ చేసింది. నువ్వు శ్రావణి గురించి అడిగావు. నువ్వు ఎంత భయపడుతూ అడిగావో నీ గొంతులో నాకు తెలిసింది, అయినా అది నాకు తగల్లేదు. 'నీ దగ్గరే ఉండనీ, మీ ఇష్టం' అన్నాను. ఉల్లిగడ్డల బేరం అయిపోయినంత తేలిగ్గా అన్నాను. జుట్టు నిండా పేలు పడ్డాయని, ఎండలకు వేములవాడలో గుండు చేయిస్తానని అన్నావు, దానికీ సరే అన్నాను. తర్వాత నువ్వు దాని చేతికి ఫోన్ ఇచ్చావు.

"బాపూ, నాకు పన్నూడింది. అత్తమ్మ పెండల వెట్టి ఇంటి మీదికి ఇసిరేసింది."

నేను 'సరే' అన్నాను. అది ఇంకా ఏదో చెప్పబోతున్నట్టు ఊపిరి వినిపించింది. 'ఉంటా మరి' అని పెట్టేశాను. పై పన్నా కింది పన్నా అని కూడా అడగలేదు. బూత్ బయటికి వచ్చి చెరుకురసం తాగాను. లోపల ఏమైనా అవుతుందేమోనని నన్ను నేనే చూసుకున్నాను అక్కా, ఏమీ కాలేదు. అంతా బాగానే ఉంది కదా అనుకున్నాను.

మర్నాడు పెద్దమ్మ విరూర్‌లో ఉన్న కూతురింటికి రైలెక్కింది. అక్కడ మనవరాలికి పురుడు. సేటుకు సాంబ్రాణి వేసే ఓపిక ఎక్కడిది, వీధి గుమ్మం దగ్గర రెండు అగరుబత్తులు గుచ్చి దండం పెట్టి కూర్చునేవాడు. నేను ఎప్పటిలాగే పటం కింద సెన్సర్ తగిలించి బటన్ నొక్కేవాణ్ణి.

ఆ వారం రాజన్న బండి మళ్లీ వచ్చింది. స్క్రూ కదలకుండా నేను కిందటిసారి ఎర్ర రంగు చుక్క పెట్టి ఉంచాను, ఆ చుక్క చెక్కుచెదరలేదు. సెన్సర్ బిగించి చూస్తే అంకె మాత్రం వేరు. పొగలో వాయువు చాలా తక్కువ మిగిలింది, గ్యాసు ఎక్కువైంది అంటోంది. అదే బండి, అదే స్క్రూ, అదే మీటరు. ఎవరో ఒకరు అబద్ధం చెబుతున్నారు. సెన్సర్ ఊడదీసి, పొడవు వైరు తగిలించి, సందులోకి తీసుకెళ్లి బయటి గాలిలో మళ్లీ లెక్క పట్టాను. అప్పుడూ రాజన్న చెప్పిందే నిజమైంది. అంటే ఇప్పటి లెక్క సరైనది, మునుపటిదంతా తప్పు. ఎందుకు తప్పిందో మాత్రం అంతు చిక్కలేదు. రాజన్నకు స్క్రూ తగ్గించి పంపాను. పోతూ పోతూ అన్నాడు, "మీటర్ల నమ్ముడు బంద్ జెయ్యి సదన్నా, ముల్లును నమ్ము."

పెద్దమ్మ పోయిన శుక్రవారం తిరిగి వచ్చింది. శనివారం పొద్దున నేను సెన్సర్ తగిలించి, లెక్క పట్టి, బటన్ నొక్కి, వైరు చుట్టబోతున్నాను. మీటరు ఇంకా వెలుగుతూనే ఉంది, గాలి అంకె నిలకడగా ఉంది. ఇంతలో ఆమె మూకుడు తెచ్చి పటం కింద పెట్టింది. వారం రోజుల బాకీ తీర్చుకోవాలని గుప్పెడు సాంబ్రాణి వేసింది. పొగ తెల్లగా లేచి సెన్సర్‌ను కప్పేసింది. నా చేతిలో ఉన్న మీటరులో అంకె దిగడం మొదలుపెట్టింది.

నేను చూస్తూ నిలబడ్డాను. నిప్పులు తిన్నంత వాయువు తింటున్నాయి, ఆ వేడి సెన్సర్ దగ్గర పొగ కూడా కాలి ఇంకాస్త తింటోంది. ఇన్నాళ్లూ నేను ఈ పొగను చూపించి 'ఇదే మంచి గాలి' అని దానికి చెప్పాను. అది పాపం నమ్మింది. తక్కువ ఉన్నదాన్ని నిండుగా లెక్క పెట్టుకుంది కాబట్టి తర్వాత ఏ బండి పొగ చూసినా దానికి వాయువు ఎక్కువగానే కనిపించింది. బండ్లన్నిటికీ గ్యాసు ఎక్కువ పెట్టించింది.

ఇది అర్థమై సేటును పిలుద్దామని నోరు తెరిచాను. అప్పుడే వాసన వచ్చింది అక్కా.

రోజూ ఆ పక్కనే నిలబడ్డవాణ్ణి, ఒక్కసారి కూడా రాని వాసన. వారం రోజులు అది లేకుండా ఉన్నందుకేమో, ఒక్కసారిగా లోపలికి వచ్చేసింది. లత శ్రావణికి తలంటు పోసి, వెదురు బుట్ట బోర్లించి, బుట్ట కింద సాంబ్రాణి పెట్టి, దాని తడి జుట్టును బుట్ట మీద పరిచేది. పిల్ల కదలకుండా ఉండడానికి నేను పక్కన కూర్చుని దానికి సెనిగలు ఒక్కొక్కటి నోట్లో పెట్టేవాణ్ణి. పిల్లది అయ్యాక లత తన జుట్టు ఆరబెట్టుకునేది. ఆ రోజు రాత్రి దాకా ఇల్లంతా, దుప్పట్లంతా ఆ వాసనే. ఇంతకాలం నాకు లత ముఖం గుర్తుకు రావాలంటే పర్సులోని చిన్న ఫోటో చూడాల్సి వచ్చేది. ఆ పొగలో ముఖం కాదు, ఆమె మెడ వెనక తడి, నా చేతికి తగిలినట్టే అయింది.

మీటరు బల్ల మీద పెట్టి వెనక సందులోకి వెళ్లాను. గోడకు చెయ్యి ఆనించి ఏడ్చాను. దినాల నాడు ఏడవాల్సిందంతా అక్కడ, పాత టైర్ల పక్కన ఏడ్చాను. పెద్దమ్మ వెతుక్కుంటూ వచ్చింది.

"పొగ గిట్ల కండ్లల్ల వడ్డదా కొడుకా?"

అవునన్నాను. ఆమె కొంగుతో నా ముఖం తుడిచింది. పొగ పడితే ఇంతసేపు ఏడవరని ఆమెకు తెలియదా. ఇంట్లో ఎవరున్నారని అప్పుడు అడిగింది, ఇన్ని నెలల్లో నేను చెప్పనే లేదు కాబట్టి. చెప్పాను. లత సంగతి, నీ సంగతి, శ్రావణి సంగతి, ఫోన్‌లో నేను అన్న మాట కూడా.

మీటరు సంగతి సేటుకు చెప్పాక అసలు చిక్కు వచ్చింది. సరిచేసిన బండ్లన్నీ మళ్లీ పిలిపించి లెక్క సరిచేయాలి, అది సరే. అమ్మకు ఎవరు చెప్పాలి? ఆ ధూపం ఆమె మామగారి కాలం నుంచి వస్తోంది. సేటు గొణిగాడు, చివరికి నన్నే ముందుకు తోశాడు. నేను చెప్పింది ఆమె పూర్తిగా విని నవ్వింది.

"గింతేనా? దానికి ముందుగాల బయట మంచి గాలి సూపియ్యి. అటెంక లోపటికి తే, పొగ నేనిస్త. మంచిగాలి తినకుంట పొగ తింటె ఎవ్వలికైనా మతి తప్పుతది."

ఇప్పుడు రోజూ అలాగే చేస్తున్నాం. సందులో లెక్క పట్టి, సెన్సర్ చల్లారి పెట్టెలోకి వెళ్లాకే ధూపం. రాజన్న బండి బాగుంది, నోరు కూడా కొంచెం తగ్గింది. అందరూ వచ్చి సరిచేయించుకుంటున్నారు.

నిన్న సాయంత్రం పెద్దమ్మ మూకుడు కడుగుతూ నాతో ఇంకో మాట అంది.

"మీటర్లకు, డబ్బాలకు పొగేసుడు ఏంది కొడుకా, నాకు సుత నవ్వస్తది. పొగ ఏసెతందుకు ఇంట్ల ఒక్క తల ఉండాలె."

అక్కా, ఇక అసలు సంగతి రాస్తాను. ఫోన్‌లో నేను సరే అన్న మాటను లెక్కలోకి తీసుకోవద్దు. అది నేను పొగలో ఉండి చెప్పిన మాట. ఏమీ అనిపించకపోవడమే నా మామూలు స్థితి అనుకుని, దాంతో పోల్చి చూసుకుంటే, బిడ్డ లేకపోయినా నాకు అంతా సరిపోయినట్టే కనిపించింది. శ్రావణిని నేను తెచ్చుకుంటాను.

నువ్వు నొచ్చుకుంటావు. తల్లి పోయిన పిల్లను రాత్రిళ్లు పక్కలో వేసుకుని నిద్రపుచ్చింది నువ్వు. 'నీ చేతిలోంచి లాక్కోవడం లేదు' అని రాయొచ్చు కానీ అది అబద్ధం, లాక్కోవడమే. నాకు ఇంకో దారి కనిపించడం లేదు. నన్ను తిట్టు, బావతో కూడా తిట్టించు. తిడితే తగులుతుందిప్పుడు, ఆ మాత్రం బాగుపడ్డాను. పూర్తిగా మునుపటి మనిషినయ్యానని చెప్పను. ఆదివారమంతా మళ్లీ మొద్దులాగే కూర్చున్నాను, సోమవారం కూడా. కానీ అది సరైన లెక్క కాదని ఇప్పుడు నాకు తెలుసు.

ఇక్కడ దాన్ని ఎవరు చూసుకుంటారని నువ్వు అడుగుతావు. గ్యారేజీ వెనక పెద్దమ్మ వాళ్ల ఇంటికి ఆనుకుని ఒక గది ఖాళీగా ఉంది, దానికి సున్నం వేయిస్తున్నాను. నేను పనిలో ఉన్నంతసేపు ఆమె చూస్తానంది. బడి సందు చివరే, మరాఠీ బడి. తెలుగు బడి ఇక్కడ దగ్గర్లో లేదు, అది ఒక్కటే నాకు బాధ. తెలుగు మాట్లాడడం మరవదు, రాయడం మరవకుండా నువ్వు దానికి నెలకో ఉత్తరం రాయి, జవాబు దాని చేత నేను రాయిస్తాను. బడికి సెలవులు రాగానే పట్టుకొచ్చి నీ దగ్గర వదులుతాను, ఈ మాట నిజం. నువ్వూ బావా వస్తే తర్రీ పోహా తినిపిస్తాను. బావ కారం తట్టుకోలేడు, అది చూడాలని ఉంది.

శనివారం సాయంత్రం బల్లార్షాలో బండెక్కి మంచిర్యాలలో దిగి, ఆదివారం పొద్దున మొదటి బస్సుకు మీ ఇంటికి వస్తాను. పిల్లకు ఈ సంగతి నువ్వే మెల్లగా చెప్పు. రానని మారాం చేస్తే బలవంతపెట్టను, వస్తానన్నదాకా అక్కడే కూర్చుంటాను, సేటుకు అదీ చెప్పాను. దాని గౌన్లు, పలక, నువ్వు కుట్టిన బొంత ఒక సంచిలో సర్ది ఉంచు. లత పెద్ద ఫోటో అల్మారాలో పై అరలో ఉంది, అదీ పెట్టు.

బావకు నా దండాలు. పిల్లలిద్దరికీ దీవెనలు. నా ఆరోగ్యం గురించి రంది పడకు, బాగానే ఉన్నాను, ఈసారి చెయ్యి అలవాటు కొద్దీ రాయడం లేదు. మనసులో ఎంత కోపమున్నా నా తల మీద చెయ్యి పెట్టి దీవించు, నాకు ఆ దీవెన కావాలి.

ఒక్క మాట మరిచిపోకు. వేములవాడ ప్రయాణం ఆపు, జుట్టు తీయించకు. పేలు నేను దువ్వి తీస్తాను. ఆదివారం నేను వచ్చేదాకా దానికి తలంటు పోయకు. కుంకుడుకాయలు నానబెట్టి, అటక మీది వెదురు బుట్ట దించి ఉంచు చాలు. సాంబ్రాణి పెద్దమ్మ పొట్లం కట్టి ఇచ్చింది, నేను తెస్తున్నాను.

నీ తమ్ముడు
సదానందం